చిల్లు కానీలు, రాగి సెంట్లు

విజయవాడ వన్‌టౌన్‌లోని మా పాత ఇంటి అటక సర్దుతున్నప్పుడు దొరికిన గుడ్డమూటలో 40 చిల్లు కానీలున్నాయి. యుద్ధకాలంలో లోహానికి కరువు వచ్చి, 1943 నుంచి నడుమ చిల్లు పెట్టి ముద్రించిన కంచు నాణేలివి, రూపాయికి 64. ఒక్కొక్కటి నిండా రెండు గ్రాములైనా తూగదు కనుక, మూట మొత్తం కరిగించినా చిన్న చెంబుకు కూడా చాలదు. వాటిని చింతపండుతో తోమి తళతళలాడించడం మాత్రం నా తొందరపాటే, ఎందుకంటే సేకరించేవారు పాత మకిలి పోయిన నాణేనికి ధర తగ్గిస్తారు.

అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు లెక్క వేరు. డాలరులో నూరోవంతైన అక్కడి సెంటు నాణెంలో 1982 వరకు 95 శాతం రాగి ఉండేది, బరువు 3.11 గ్రాములు, తరువాతవి రాగిపూత వేసిన జింకువి, 2.5 గ్రాములే. ఆ ఏడాది రెండు రకాలూ వచ్చాయి కనుక, 1982 నాణేలను అతను నగల త్రాసులో తూచి, రాగివి వేరుచేసి డబ్బాల్లో దాస్తాడు. రాగి విలువ ముఖవిలువను మించినా, వాటిని కరిగించడం అక్కడ 2006 చివరి నుంచి నిషిద్ధం. అతని డబ్బాలు మాత్రం నిండుతూనే ఉన్నాయి.