‘ర్యాంపు ఉండాది సార్’ అంటే టేపు తీయండి

నెల్లూరులో రొయ్యల మేత డీలర్ల మీటింగైనా, ఒంగోలులో గ్రానైట్ వ్యాపారుల సమావేశమైనా ఎక్కువగా జరిగేది కల్యాణ మండపంలోనే. మండపాలు పెళ్లిళ్ల లెక్కలో కట్టినవి. వీల్‌చైర్‌లో వచ్చే డీలరు, చెవులు వినపడని అకౌంటెంటు ఆ లెక్కలో లేరు. మేనేజర్ని అడిగితే ‘ర్యాంపు ఉండాది సార్’ అంటాడు. అబద్ధమేం కాదు. గ్యాస్ సిలిండర్లు దొర్లించుకోడానికి వంటశాల వైపు కట్టుకున్న ర్యాంపు అది. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే టేపు పట్టుకుని వెళ్లాలి.

లెక్క చిన్నదే. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు, అంటే 1:12. గుమ్మం ముందు ఆరంగుళాల మెట్లు రెండుంటే 12 అడుగుల ర్యాంపు కావాలి. టెంట్ హౌస్ వాళ్లు తెచ్చేదేమో ఆరడుగుల చెక్క. దాని మీద కుర్చీ ఎక్కించాలంటే వెనక ఇద్దరు తొయ్యాలి, దిగేటప్పుడు కూర్చున్న మనిషి ముందుకి తూలతాడు. వెడల్పు కనీసం 4 అడుగులు, రెండు పక్కలా పట్టుకోడానికి కడ్డీలు, చక్రం పక్కకి జారకుండా అంచుల్లో 3 అంగుళాల కట్టె ఉండాలి.

మన రెండు జిల్లాల్లో ఇంకో పేచీ ఉంది. చీమకుర్తి గ్రానైట్ రాయి చేతికందేంత దూరంలో దొరుకుతుంది కాబట్టి ర్యాంపు మీద కూడా పాలిష్ పట్టిన ఆ నల్ల గెలాక్సీ రాయే పరుస్తారు. అద్దంలా ఉంటుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు పడితే చాలు, ఊతకర్ర చివరి రబ్బరు నిలవదు. అదే రాయి ఫ్లేమ్డ్ ఫినిష్‌లో, అంటే మంటతో కాల్చి గరుకు చేసింది, వేయించి ఉంటే కాలు పట్టేది. ఇప్పటికే పాలిష్‌ది వేసేసి ఉంటే అంటించే గరుకు పట్టీలు అడుగుకొకటి చొప్పున అడ్డంగా వెయ్యండి. ఎర్ర తివాచీ పరిచి సమస్య తీరిందనుకోవద్దు. వదులుగా పరిచిన తివాచీ వీల్‌చైర్ ముందు చిన్న చక్రాల కింద మడతపడి బండిని అక్కడే ఆపేస్తుంది. వెయ్యక తప్పదంటే పల్చటిది వేసి, నాలుగంచులూ టేపుతో బిగించాలి.

ఇక వేదిక. 3 అడుగుల వేదికకి 36 అడుగుల ర్యాంపు కావాలి. ఏకబిగిన 9 మీటర్లు దాటకూడదు గనక మధ్యలో 5 అడుగుల చదును కూడా కలిపితే 41 అడుగులు, సగం హాలు దానికే పోతుంది. అందుకని నలుగురు కలిసి కుర్చీని ఎత్తి పైన పెడదామంటారు. బ్యాటరీ వీల్‌చైర్ చాలావరకు ఖాళీగా ఉన్నా మోయలేనంత బరువు. చేతి కుర్చీనైనా హ్యాండ్‌రెస్టు పట్టుకుని లేపితే అది ఊడి చేతికొస్తుంది. అందరూ పైకెళ్లి మెమెంటో తీసుకుంటుంటే ఒక్కాయనకి కింద ఇచ్చి ఫొటో తీయడం ఇంకా అన్యాయం. నన్నడిగితే వేదికే వద్దు. బహుమతులన్నీ నేల మీదే ఇవ్వండి, వెనక వాళ్లకి రెండు టీవీ తెరలు పెట్టండి. వేదిక అద్దెలో మిగిలేది తెరలకి వాడొచ్చు.

రెండు రెక్కల తలుపుల్లో ఒకటి ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. రెండూ తీయించండి, దారి 3 అడుగులకి తగ్గకూడదు. అసలు చిక్కు బాత్రూముల దగ్గర. వాటి తలుపులు రెండో, రెండున్నరో అడుగులు. మామూలు వీల్‌చైరే 25, 26 అంగుళాలుంటుంది, చక్రం తిప్పే చేతులకి ఇంకాస్త చోటు కావాలి. పైగా నీళ్లు బయటికి రాకుండా గ్రానైట్ గట్టొకటి. చాలా మండపాల్లో పెళ్లికూతురి గదికి ఉండే అటాచ్‌డ్ బాత్రూమే కాస్త విశాలం. అది కింది అంతస్తులో ఉంటే ఆ తాళం ముందురోజే తీసుకోండి. లోపల నేల తుడిచి ఆరబెట్టించండి, బకెట్టు దారికి అడ్డం లేకుండా చూడండి. గోడకి అతుక్కునే రబ్బరు పిడులు కొనుక్కొచ్చి బిగించొద్దు. టైల్ అతుకు మీద పడితే గాలి దూరి, మనిషి బరువు వెయ్యగానే ఊడతాయి.

మీటింగ్ పై అంతస్తులో అయితే ఒక ప్రశ్న మర్చిపోవద్దు: జనరేటర్ లైను లిఫ్టుకి ఉందా, లేక ఫ్యాన్లకీ లైట్లకేనా?

మండపం సంగతి ఇంత చెప్పాను గానీ, చాలామంది ఆహ్వానం దగ్గరే ఆగిపోతారు. వాట్సాప్‌లో రంగుల కార్డు బొమ్మగా పంపుతారు. చూపులేనివాళ్ల ఫోన్లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ చాలాసార్లు దాన్ని బొమ్మ అని చెప్పి ఊరుకుంటుంది, తేదీ చెప్పదు, చోటు చెప్పదు. ట్రంకు రోడ్డు డీటీపీ షాపులో చేయించిన పీడీఎఫ్ పంపితే ఇంకో రకం చిక్కు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి తెలుగే, ఫోనుకి మాత్రం అర్థంలేని గుర్తుల కుప్ప. కార్డు కిందే యూనికోడ్‌లో, అంటే ఫోన్ కీబోర్డులో వచ్చే మామూలు తెలుగులో, నాలుగు లైన్లు టైపు చేస్తే సరిపోతుంది. అందులోనే ‘మీకు ఏ ఏర్పాటు కావాలో 10 రోజుల ముందు చెప్పండి’ అని ఒక వాక్యం, ఒక మనిషి పేరు, నంబరు ఉండాలి. మీ వైకల్యం ఏంటి అని అడగనక్కర్లేదు. ఆ నంబరుకి మెసేజీ కూడా వెళ్లాలి, వినపడనివాళ్లు కాల్ చెయ్యలేరు.

సంజ్ఞాభాష చెప్పేవాళ్లని పిలిస్తే ఇద్దరిని పిలవండి, 20 నిమిషాలకొకసారి మారాలి. ప్రొజెక్టర్ కోసం లైట్లు ఆర్పినా వాళ్ల మీద ఒక లైటు వెలగాలి. స్లైడ్లు రెండు రోజుల ముందే పంపండి. వైట్ స్పాట్ (రొయ్యల తెగులు), ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా మందు) లాంటి మాటలకి సైగ అప్పటికప్పుడు పుట్టదు. ఫోన్లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ తెలుగు మాటల్ని అక్షరాలుగా చూపిస్తుంది. కాకపోతే ఫోన్ని హాల్లో పెడితే ప్రతిధ్వనికి తప్పులతడక అవుతుంది, మిక్సర్ నుంచి నేరుగా వైరు ఇవ్వాలి. ఇవేవీ అడగని వాళ్లు ఇంకో గుంపు ఉన్నారు, వయసుతో వినికిడి తగ్గిన పెద్ద డీలర్లు. ‘మైకెందుకులే, నా గొంతు గట్టిదే’ అనే వక్తని ఆపితే వీళ్లకి సగం మేలు.

భోజనాల్లో బఫే కంటే బంతే నయం. పళ్లెం పట్టుకుని క్యూలో నిలబడే పని ఉండదు. బల్ల కింద మోకాళ్లకి 27 అంగుళాల ఖాళీ ఉందో లేదో, అడ్డకడ్డీ తగులుతుందో కొలవండి. చూపులేనివారికి ఆకుని గడియారంలా చెప్పొచ్చు: పన్నెండు దగ్గర పప్పు, మూడు దగ్గర వేపుడు. చేపల పులుసైతే ముల్లున్న ముక్కో కాదో వడ్డించేటప్పుడే నోటితో చెప్పాలి. చెయ్యి పట్టి లాక్కెళ్లకుండా మీ మోచెయ్యి అందించండి.

ఇదంతా దయ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కలో జనం వాడే ప్రైవేటు భవనం కూడా పబ్లిక్ బిల్డింగే. చట్టం మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

ఆ రోజు పొద్దున ఆరింటికి ఒకరు ర్యాంపు దగ్గర నిలబడాలి. నీళ్ల క్యాన్ల ఆటో, పూలబుట్టలు, జనరేటర్ బండి మూడూ వెతుక్కుంటూ వచ్చేది ఆ చోటికే. వెనక పక్క చక్రాలున్న స్కూటీ మీద వచ్చేవాళ్లని వాచ్‌మన్ దూరం పార్కింగుకి తోలకుండా చూసేది కూడా ఆ మనిషే.