రెండో నంబరు వైరు

పదకొండున్నర దాటింది, నిద్ర రావడం లేదు. రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతులకి ఇంకా ఇంజనాయిల్ వాసన వస్తూనే ఉంది. మా ఆయన ఎప్పుడో నిద్రపోయారు. ఇందాకటి నుంచి ఒక మాట మనసుని తొలుస్తోంది. అది రాసేస్తే గానీ పడుకోలేను.

తెల్లకారు సంగతే. పొద్దున పొద్దున్నే మిస్సింగ్ కొడుతోందని, అంటే ఇంజను ఉండుండి ఒక దెబ్బ తప్పి వణుకుతోందని, మూడు వారాలుగా మీకు ఇక్కడ రాస్తూనే ఉన్నాను కదా. ఈరోజు దొరికింది. దొరికిందన్న సంతోషం పావుగంట ఉందేమో. ఆ తర్వాత చిరాకు పట్టుకుంది.

ముందు ఆ మెకానిక్ గురించి చెప్పాలి. మొదటిసారి బండి తీసుకెళ్తే, బోనెట్ ఎత్తకముందే "సార్ రాలేదా మేడం?" అన్నాడు. బండి నడిపేది నేను. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అది దగ్గినట్టు కొట్టుకోవడం నా కాలికి తెలుస్తోంది. సార్ వచ్చి ఏం చెప్తారు? నాకు ఒళ్ళు మండింది. ఇంకేం మాట్లాడకుండా "మిస్సింగ్ కొడతా ఉంది, చూడు" అని తాళాలు చేతిలో పెట్టి అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

సిలిండర్లలో నిప్పు పుట్టించే ప్లగ్గులు విప్పాడు. మూడింట్లో రెండు పొడిగా, బిస్కెట్టు రంగులో ఉన్నాయి. మధ్య సిలిండరుది మాత్రం నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. నాకు చూపించాడు కూడా. "ప్లగ్గు పోయింది మేడం" అని మూడూ కొత్తవి వేశాడు. నాలుగో రోజు పొద్దున మళ్ళీ అదే కథ. రెండోసారి వెళ్తే, ప్లగ్గులకి కరెంటు పుట్టించే కాయిల్ పోయిందన్నాడు, మార్చాడు. మళ్ళీ అదే. మూడోసారి పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ విప్పి కడిగి, "ఇప్పుడొచ్చే పెట్రోలే అట్టా ఉంది మేడం, ఇరవై శాతం ఇథనాలు, పాత బళ్ళకి పడదు" అన్నాడు. మొత్తం నాలుగు వేల రెండొందలు అయింది.

కాయిల్ ఉండేది ఒక్కటి. అదే డెల్కోకి కరెంటు పంపితే, డెల్కో మూడు సిలిండర్లకీ తలా ఒక వైరు ద్వారా పంచుతుంది. కాయిల్ పోతే మూడూ మిస్ కొట్టాలి. పెట్రోలూ అంతే, ఒకే కార్బొరేటర్ నుంచి మూడింటికీ పోతుంది. ఇథనాలు కలిసిన పెట్రోలుతో పాత కార్బొరేటర్ బండిలో మిశ్రమం పలచనవుతుందన్నది నిజమే, నేను కాదనను. కానీ అది మధ్య ప్లగ్గునే వెతుక్కుంటూ పోయి తడపదు కదా! ఆ ఒక్క ప్లగ్గు తడిగా ఉందంటే, ఆ సిలిండర్లోకి పెట్రోలు వస్తోంది, నిప్పు పడడం లేదు. తడిసిన ప్లగ్గు చేత్తో పట్టుకుని కూడా ఆ ముక్క అతనికి తట్టలేదు. ఆ క్షణంలో నాకూ తట్టలేదు, సరే. కానీ నేను మెకానిక్‌ని కాను.

మూడే సిలిండర్ల బండి. ఒకటి పనిచేయకపోతే మూడో వంతు పోయినట్టే. నాలుగు సిలిండర్ల వాళ్ళకి ఇంత తెలియదు. ఇక్కడైతే సీటు, స్టీరింగు, డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి బొమ్మతో సహా వణుకుతుంది.

దీనికి తోడు పెద్దోడి ఫోన్లు. "1997 బండమ్మా, స్క్రాపుకి వేసెయ్, 2027లో ఆర్సీ రెన్యువల్ కోసం మళ్ళీ తిరగాలి." తెలుసు నాన్నా. పదిహేనేళ్ళు 2012లో అయిపోయాయి, అప్పటి నుంచి ఐదేళ్ళకోసారి తిరుగుతున్నది నేనే, నువ్వు కాదు. ఆ ఏపీ 26 నంబరు ప్లేటు మీద పెయింటు మా నాన్న చేత్తో దిద్దింది. ఇది ఎన్నిసార్లు చెప్పాలి?

సరే, ఇవాళ్టికొస్తా. సాయంత్రం నుంచి ఒకటే ముసురు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. టార్చి కార్లో ఉందని గుర్తొచ్చి షెడ్డులోకి వెళ్ళాను. లోపల కన్ను పొడుచుకున్నా కానరానంత చీకటి. పైన రేకుల మీద వాన చప్పుడు. అలా నిలబడ్డాక పొదలకూరు గుర్తొచ్చింది.

1999, కార్తీక మాసం. పెంచలకోన వెళ్ళి నరసింహస్వామి దర్శనం చేసుకుని తిరిగొస్తున్నాం. నాన్న, అమ్మ, నేను. రాపూరు దాటినప్పటి నుంచీ వాన. పొదలకూరు ఇంకా ఐదారు కిలోమీటర్లుందనగా బండి కొట్టుకోవడం మొదలుపెట్టి, ఒక గతుకు దగ్గర నీళ్ళు చిమ్మగానే ఆగిపోయింది. అమ్మ స్వామిని తలుచుకుంటూ కళ్ళు మూసుకుంది. వెనక నుంచి నిమ్మకాయల లోడు లారీ వచ్చి ఆగింది. డ్రైవరు, క్లీనరు దిగారు. మంచివాళ్ళు. లారీని మా ముందుకి తిప్పి హెడ్‌లైట్లు నేరుగా బోనెట్ మీద పడేట్టు పెట్టారు. క్లీనరు ఒక టార్చి కూడా తెచ్చాడు. వాన, డీజిలు పొగ, దాంట్లో కలిసి నిమ్మకాయల వాసన. ఇప్పటికీ నిమ్మకాయ కోస్తే ఒక్కోసారి నాకు ఆ రోడ్డు కనపడుతుంది.

నాన్న కాసేపు చూశారు. డెల్కో మూత తీసి పంచె చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టారు. బండి స్టార్టయింది గానీ కొట్టుకుంటూనే ఉంది. అప్పుడాయన లారీ డ్రైవరుతో, "నాయనా, ఆ లైట్లు ఒక్క నిమిషం ఆపెయ్యి. టార్చి కూడా" అన్నారు. వాళ్ళకి అర్థం కాలేదు. ఆ అడవి దారిలో, ఆ వానలో, ఉన్న వెలుగు కూడా ఆర్పమంటున్నాడేందని అమ్మ కళ్ళు తెరిచి చూసింది. డ్రైవరు మా కార్లో కూర్చుని యాక్సిలేటరు తొక్కుతున్నాడు. నాన్న నన్ను గొడుగు కిందకి లాక్కుని, "బుజ్జమ్మా, చెయ్యి పెట్టబాక, కళ్ళు మాత్రం పెట్టు" అన్నారు.

కాసేపు ఏమీ కనపడలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక కనపడింది. ఒక వైరు పక్క నుంచి ఇంజను ఇనుము మీదకి సన్నటి నీలం దారప్పోగు. వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. నాన్న వేలితో గొడుగు కర్ర మీద కొడుతూ "ఒకటి, మూడు, రెండు. ఒకటి, మూడు, రెండు" అని లెక్క చెప్పారు. మూడు సిలిండర్లలో నిప్పు పడే వరస అదట. మూడో దెబ్బకల్లా ఆ పోగు కనపడేది. లారీ క్లీనరు పాత ట్యూబు ముక్క కోసిచ్చాడు. నాన్న ఆ వైరుని తుడిచి, దాంతో చుట్టారు. నెల్లూరు దాకా ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

ఇదంతా షెడ్డులో నిలబడ్డ రెండు నిమిషాల్లో గుర్తొచ్చింది. లోపలికి పరిగెత్తి, "ఏమండీ, ఒకసారి వచ్చి బండి స్టార్ట్ చేయండి" అన్నాను. "ఈ చీకట్లోనా?" అన్నారు. చీకట్లోనే.

అదే వైరు. రెండో నంబరు. అదే నీలం పోగు. ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిలు తెచ్చి దూరం నుంచి కొంచెం నీళ్ళు చల్లితే ఒకటి రెండయ్యాయి, బండి ఊగిపోయింది. చూస్తుండగానే కరెంటు వచ్చింది. షెడ్డులో బల్బు వెలగగానే ఆ నిప్పు మాయమైనట్టే అయింది, కంటికి ఆనలేదు. చెవికి మాత్రం వినపడుతూనే ఉంది, టిక్, టిక్ మని.

సిలిండరు లోపల గాలి నొక్కుకుని ఉంటుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు కొసల మధ్య మిల్లీమీటరు కూడా లేని సందుని దాటడం నిప్పుకి కష్టమే. బయట రబ్బరు పగిలి తేమ తగిలిన దారి దొరికితే అటే పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అందుకే ఫ్లైఓవర్ మీద ఎక్కువ. ఇంజను వేడెక్కి తేమ ఆరితే ఏమీ లేనట్టే నడుస్తుంది.

ఇక్కడే నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నేను మెకానిక్ దగ్గరకి మూడుసార్లూ పదకొండు గంటల మీద వెళ్ళాను, ఎండ వచ్చాక. అతను చూసేసరికి రోగం చాలావరకు సర్దుకుని ఉండేది. పొద్దున తేమలోనే కొడుతోందని మీకు ఇన్నిసార్లు రాశాను, అతనికి ఒక్కసారి చెప్పలేదు. సార్ రాలేదా అన్నాడని నోరు కట్టేసుకున్నాను. డాక్టరైతే జ్వరం ఏ వేళకి వస్తోందని అడుగుతాడు, ఇతను అడగాలి కదా అని ఇందాకటి దాకా నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఒకటి అడిగాడు. రెండోసారి వెళ్ళినప్పుడు, కాయిల్ విప్పబోతూ, "వైర్లు ఎప్పుడు మార్చినారు మేడం?" అని. "నిరుడే మార్చాం, అవి కొత్తవి" అన్నాను. గట్టిగా అన్నాను. అతను వైర్ల వంక మళ్ళీ చూడలేదు.

కొత్తవే. కానీ వేసినప్పుడు రెండో వైరుకి క్లిప్పు పెట్టలేదు. ఏడాదిగా ఇనుముకి రాసుకుని రాసుకుని అరిగింది. మచ్చ ఆవగింజంత ఉంది, నల్లగా, గోటితో గీకితే పొడి రాలుతోంది.

"సార్ రాలేదా" అన్న మాట నేను మర్చిపోను. అది రేపు అతనికి చెప్తాను. వైర్ల మాట కూడా చెప్తాను, అదే ముందు.

మా ఆయన టేపు చుట్టేద్దామన్నారు. వద్దన్నాను, చుడితే అతనికి మచ్చ కనపడదు. వైరు ఊడదీసి, పేపర్లో చుట్టి హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను. రేపు షాపు తీసే వేళకి ఆటోలో వెళ్తాను.