కరెంటు మీటరే మా లెక్కల పుస్తకం

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం అంటే తిరుపతిలో ఇప్పటికీ చాలామంది వింతగానే చూస్తారు, సరే చూడనీండి. ఈ నెల మా పెద్దదానికి లెక్కల పాఠం గోడ మీదున్న కరెంటు మీటరే. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్, అంటే 2000 వాట్ల గీజరు అరగంటకే ఒక యూనిట్ తినేస్తుంది, 75 వాట్ల ఫ్యానయితే అదే యూనిట్‌తో 13 గంటలకు పైగా తిరుగుతుంది. ఇదంతా తనే లెక్క కట్టింది. అప్పట్నుంచి వాళ్ళ నాన్నకు స్నానమంటే టెన్షన్!

కంపోస్టు కుండ మా అత్తగారి డిపార్ట్‌మెంట్. కూరగాయల తొక్కలతో పాటు ఎండుటాకులు బాగా వెయ్యాలి, గాలి ఆడాలి, లేదంటే తడి ఎక్కువై కంపు కొడుతుంది. చిన్నోడికి ఈ పాఠం ముక్కుతోనే అర్థమైంది. పుస్తకాలంటారా, ఎక్కువ భాగం పక్కింటి పిల్లలు వాడేసినవే. పర్యావరణ ప్రాజెక్టు కిట్ అని థర్మాకోలు, ప్లాస్టిక్ చెట్లు అమ్ముతారు చూడండి, అది చూస్తే మాత్రం నాకు నవ్వాగదు.

వచ్చే వారం అలిపిరి మెట్ల దారిలో కొండకు పోతున్నాం. పైన ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం కదా, స్టీలు బాటిళ్ళు ఎవరు మొయ్యాలనే పంచాయతీ ఇంకా తేలలేదు.