చివర వచ్చినవాడి మీద పడే రోడ్డు ఖర్చు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పగించిన మొదటి పని ఒక కూడలిలో కూర్చుని వాహనాలు లెక్కపెట్టడం. చేతిలో ఒక పలక, దాని మీద పన్నెండు బటన్లు ఉండేవి. నాలుగు దిక్కుల నుంచి వచ్చే ప్రతి వాహనమూ ఎడమకు తిరిగిందా, తిన్నగా వెళ్లిందా, కుడికి తిరిగిందా అన్నదాన్ని బట్టి ఒక బటన్ నొక్కాలి. పదిహేను నిమిషాలకోసారి ఆ పలక అంకెలన్నింటినీ ఒక వరుసగా దాచుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. సాయంత్రం 4 నుంచి 6 దాకా అదే పని. వెంటవెంటనే వచ్చే నాలుగు వరుసల మొత్తం ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువగా తేలితే దాన్ని ఆ కూడలికి రద్దీ గంటగా తీసుకుంటారు. పక్కనున్న ఖాళీ స్థలంలో రాబోయే భవనాల కోసమే ఆ లెక్క. రెండో గంటలో, వేళ్లు వాటంతట అవే పడుతున్న వేళ, నాకు కలిగిన సందేహం ఈనాటికీ నన్ను వదల్లేదు. నా ముందు నుంచి పోతున్న కార్లలో ఏది ఎవరి భవనం వల్ల రోడ్డెక్కిందో చెప్పే గుర్తు ఒక్కదాని మీదా లేదు. ఆ స్థలంలో భవనాలు లేచాక అదనంగా వచ్చే కార్ల మీదా ఉండదు. అయినా ఆ అదనపు కార్లు ఎన్నో ముందే లెక్కగట్టి, వాటికి ఇంత అని భవనం కట్టేవాడి దగ్గర వసూలు చేయడం ఎన్నో నగరాల్లో నడుస్తున్న పద్ధతి.

అమెరికాలో దీన్ని ట్రాఫిక్ ఇంపాక్ట్ ఫీజు అంటారు. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ప్రొపోజిషన్ 13ను ఆమోదించి ఆస్తిపన్నును విలువలో 1 శాతానికి కట్టడి చేసిన తర్వాత, కొత్త రోడ్లకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు అక్కడి నగరాలకు దొరికిన దగ్గరి దారి ఇదే. ఉన్నవాళ్ల మీద పన్ను పెంచలేనప్పుడు రాబోయేవాళ్ల మీద వేయడం సులువు, ఎందుకంటే రాబోయేవాళ్లకు ఇంకా అక్కడ ఓటు లేదు. ఈ ఫీజు వెనుక న్యాయమైన కారణం లేదని నేను అనడం లేదు. కొత్తగా వచ్చే రాకపోకలకు రోడ్డు కావాలి, దాని ఖర్చులో కొంత ఆ రాకపోకలకు కారణమైనవాళ్లు భరించాలి అనడం సబబే. నా పేచీ అంతా ఆ కారణాన్ని దేనితో కొలుస్తున్నామన్న దగ్గర ఉంది.

లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 200 విడి ఇళ్లతో ఒక లేఅవుట్ వస్తోందనుకుందాం. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీర్స్ ప్రచురించే ట్రిప్ జనరేషన్ మాన్యువల్‌లో ఒక్కో రకం భవనానికి ఒక్కో సగటు ఉంటుంది. 11వ ముద్రణ ప్రకారం విడి ఇంటికి పనిదినాన రోజుకు 9.43 ట్రిప్పులు, సాయంత్రపు రద్దీ గంటలో 0.94. ఇంటి నుంచి బయలుదేరితే ఒక ట్రిప్పు, తిరిగొస్తే ఇంకొకటి. ఆ లెక్కన ఈ లేఅవుట్ రోజుకు 1,886 ట్రిప్పులను, రద్దీ గంటలో 188 ట్రిప్పులను రోడ్డు మీదికి పంపుతుంది. సాయంత్రం ఇళ్లకు చేరేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ 188లో సుమారు 118 లోపలికి, 70 బయటికి. తర్వాత ఇంజనీరు వీటిని దిక్కుల వారీగా పంచుతాడు: ఇన్ని ఉత్తరాన ఉన్న హైవే వైపు, ఇన్ని ఊరి మధ్యకు. పంచినవాటిని చుట్టుపక్కల కూడళ్ల ప్రస్తుత అంకెలకు, అంటే నాలాంటివాడు పలక మీద నొక్కిన అంకెలకు, కలుపుతాడు. ఏ కూడలి తట్టుకోలేకపోతుందో తేల్చి, దాన్ని వెడల్పు చేయడానికి అయ్యే ఖర్చులో ఈ లేఅవుట్ వాటా ఎంతో కడతాడు. దుకాణాలకైతే ఇంకో మెట్టు ఉంటుంది. పెట్రోల్ బంకులోకి తిరిగే కారు చాలాసార్లు ఆ దారిన ఎలాగూ పోతున్నదే. బంకు లేకపోయినా అది ఆ రోడ్డు మీదే ఉండేది. అలాంటి వాటిని లెక్క నుంచి తీసేస్తారు, తీసేసే శాతాన్ని బట్టి ఫీజు ఎంతో మారిపోతుంది.

అంకెలకు దశాంశాలు తగిలిస్తే చూసేవారికి నమ్మకం కలుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలస్‌లో బోధించిన డొనాల్డ్ షూప్ ఈ నమ్మకం మీద గట్టి దెబ్బ కొట్టారు. అదే మాన్యువల్ పాత ముద్రణ ఒకదానిలో, కార్లోంచి దిగకుండానే కొనుక్కునే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లకు ప్రతి 1,000 చదరపు అడుగులకు రోజుకు 632.125 ట్రిప్పులు అని ఉందని ఆయన ఎత్తిచూపారు. ఆ అంకె వెనుక ఉన్నవి ఎనిమిది హోటళ్ల లెక్కలు మాత్రమే. వాటిలోనూ హోటల్ వైశాల్యానికీ వచ్చే కార్లకూ మధ్య సంబంధం దాదాపు శూన్యం. వాహనంలో వెయ్యో వంతు దాకా చెప్పిన ఆ సగటు నిజానికి ఏ ఒక్క హోటల్ గురించీ నమ్మకంగా ఏమీ చెప్పలేదు. అలాంటి అంకెను ఫీజు రేటుతో గుణిస్తే వచ్చేదాన్ని మాత్రం చివరి డాలరు దాకా కట్టాల్సిందే.

ఇక్కడే కోర్టులు రంగంలోకి వచ్చాయి. ఒరెగాన్ రాష్ట్రంలోని టిగార్డ్ నగరంలో ప్లంబింగ్, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం యజమానురాలు ఫ్లోరెన్స్ డోలన్ తన 9,700 చదరపు అడుగుల దుకాణాన్ని 17,600కు పెంచుకోవడానికి అనుమతి కోరారు. వాగు వెంబడి ఉన్న ముంపు భూమిని, దాని పక్కన నడక, సైకిల్ బాట కోసం 15 అడుగుల పట్టీని నగరానికి రాసివ్వాలని అధికారులు షరతు పెట్టారు. పెద్దదైన దుకాణం వల్ల రోజుకు సుమారు 435 ట్రిప్పులు పెరుగుతాయని, సైకిల్ బాట వల్ల వాటిలో కొన్ని తగ్గవచ్చని వారి వాదన. 1994లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ షరతును తప్పుపట్టింది. నేను ఆ తీర్పు చదివినప్పుడు ఆగిపోయిన చోటు, బాట గురించి నగరం వాడిన క్రియ దగ్గర. 'తగ్గించవచ్చు' అన్నారే తప్ప 'తగ్గిస్తుంది' అని గానీ, 'తగ్గించే అవకాశం ఎక్కువ' అని గానీ నగరం చెప్పలేదని, ఆ తేడా చిన్నది కాదని న్యాయమూర్తులు భావించారు. గణితంలో ఉన్నంత కచ్చితత్వం అక్కర్లేదు, కానీ అడిగేదానికీ కలిగే ప్రభావానికీ సుమారుగానైనా తూకం కుదరాలి, అది ఆ స్థలానికి సంబంధించి విడిగా చూపాలి అన్నది డోలన్ తీర్పు పెట్టిన నియమం. 1987లో వచ్చిన నోలన్ తీర్పు అడిగేదానికీ ప్రభావానికీ అసలు సంబంధం ఉండాలంది. 2013లో వచ్చిన కూంట్జ్ తీర్పు భూమి బదులు డబ్బు అడిగినా అదే నియమమంది.

అయితే ఈ నియమాలు ఒక్కో దరఖాస్తు మీద అధికారులు బేరమాడి పెట్టే షరతులకేనా, అందరికీ ఒకే పట్టికగా చట్టం చేసి వసూలు చేసే ఫీజుకూ వర్తిస్తాయా అన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీలో తన స్థలంలో ఫ్యాక్టరీలో తయారైన ఒక్క ఇల్లు పెట్టుకోవాలనుకున్న ఒకాయనకు ట్రాఫిక్ ఫీజు కిందే 23,420 డాలర్లు పడ్డాయి. ఆయన అభ్యంతరం తెలుపుతూనే కట్టి, కోర్టుకు వెళ్లారు. పట్టిక ప్రకారం వేసిన ఫీజు అయినంత మాత్రాన ఆ పరీక్ష నుంచి మినహాయింపు ఉండదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కానీ పట్టిక ఫీజును ఒక్కో ఇంటికీ విడిగా సరిచూడాలా, లేక ఒక తరగతి ఇళ్లన్నింటికీ కలిపి సరిచూస్తే చాలా అన్నది అప్పటికి తేల్చకుండా వదిలేసింది. ఒక్కో ఇంటికీ విడిగా సరిచూడాలంటే ఫీజు కన్నా లెక్క ఖర్చే ఎక్కువవుతుందన్న భయం నాకుంది. పట్టిక వల్ల ఒక పెద్ద మేలు కూడా ఉంది. ఎంత కట్టాలో భూమి కొనకముందే తెలిస్తే, కొనేవాడు ఆ మేరకు భూమి ధర తగ్గించి బేరమాడగలడు; అనుమతి చివరి దశలో బేరం పెడితే ఆ భారం చాలావరకు ఇల్లు కొనేవాళ్ల మీదికి జారుతుంది.

ఇక నా అసలు పేచీకి వస్తాను. ఏ కూడలి తట్టుకోలేకపోతోందో చెప్పడానికి ఇంజనీర్లు దశాబ్దాలుగా వాడుతున్న కొలత లెవెల్ ఆఫ్ సర్వీస్. సిగ్నల్ దగ్గర ఒక్కో వాహనం సగటున ఎన్ని సెకన్లు ఆలస్యమవుతుందో చూసి ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తారు. 35 నుంచి 55 సెకన్ల దాకా డి, 55 నుంచి 80 దాకా ఇ, 80 దాటితే ఎఫ్. చాలా నగరాల నిబంధన డి కన్నా దిగజారకూడదని. ఒక కూడలి ఇరవై ఏళ్లలో 20 సెకన్ల నుంచి 53కు చేరిందనుకోండి. ఆ 33 సెకన్లకు కారణమైన వందల ఇళ్లూ దుకాణాలూ ఏ నిబంధననూ దాటలేదు కాబట్టి వాటి మీద ఏమీ పడదు. ఇప్పుడొక నలభై ఇళ్ల భవనం వచ్చి దాన్ని 56కు తెస్తే గ్రేడు ఇ అవుతుంది, రోడ్డుకు అదనపు లేన్ వేయించే బాధ్యత దాని నెత్తిన పడుతుంది. పాత్ర నిండడానికి పోసిన ప్రతి చుక్కా కారణమే. పొంగించిన చుక్కనే పట్టుకుని ఖర్చంతా రాబట్టడం న్యాయం కాదు. మొత్తం నింపిన దానిలో దాని వాటాకే ఫీజు వేస్తే మరో చిక్కు. పాత కొరతను కొత్తవాళ్ల డబ్బుతో పూడ్చకూడదు కాబట్టి మిగతా వాటా నగరం తన ఖజానా నుంచి పెట్టాలి. ఆ డబ్బు రాకపోతే కొత్తవాళ్లు కట్టినది ఖాతాలో పడి ఉంటుంది, రోడ్డు మాత్రం పడదు.

ఇంకా బాధ కలిగించేది ఈ కొలత తోసే దిశ. నగరం నడిబొడ్డున, బస్సులు, రైళ్లు దగ్గరగా ఉన్నచోట కూడళ్లు ఇప్పటికే కిక్కిరిసి ఉంటాయి కాబట్టి అక్కడ కట్టే నలభై ఇళ్లు పెద్ద నేరస్థుల్లా కనిపిస్తాయి. అదే నలభై ఇళ్లు ఊరికి దూరంగా పొలాల మధ్య లేస్తే పక్కనున్న ఖాళీ కూడలి ఎ గ్రేడులోనే నిలుస్తుంది. నడిబొడ్డున ఉన్నవాళ్లు సగం పనులకు నడిచి వెళ్తారు, దూరాన ఉన్నవాళ్లు పాలకైనా కారు తీయాలి, వాళ్ల కార్లు రోజూ ఎన్నో మైళ్లు తిరిగి ఎవరెవరి కూడళ్లలోనో ఆగుతాయి. అయినా మన లెక్కలో రెండోవాళ్లే నిర్దోషులు. ఫ్లోరిడా రాష్ట్రం 1985లో రోడ్డు సామర్థ్యం సిద్ధంగా ఉంటేనే కట్టనివ్వాలనే కాంకరెన్సీ నియమం తెచ్చింది. రద్దీ ఉన్నచోట నిర్మాణాన్ని ఆపి, ఖాళీ రోడ్లున్న శివార్ల వైపు తోసిందన్న విమర్శ దాన్ని వెంటాడింది. 2011లో రవాణా విషయంలో ఆ నియమాన్ని రాష్ట్రం స్థానిక ప్రభుత్వాల ఇష్టానికి వదిలేసింది.

కాలిఫోర్నియా 2013లో ఎస్‌బీ 743 అనే చట్టంతో కొలతనే మార్చింది. పర్యావరణ పరిశీలనలో సెకన్ల ఆలస్యాన్ని పక్కనబెట్టి, ఆ నిర్మాణం వల్ల వాహనాలు మొత్తం ఎన్ని మైళ్లు తిరుగుతాయన్నది చూడాలన్న నియమం 2020 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. ఈ కొలతలో స్టేషన్ పక్కన వచ్చే భవనం తేలికగా, పొలాల మధ్య లేఅవుట్ బరువుగా తూగుతాయి. నాకు ఇదే సరైన తూకమనిపిస్తుంది. దీనికీ లోపాలు లేకపోలేదు. మైళ్లను పలకతో లెక్కపెట్టలేము, ప్రయాణాలను అంచనా కట్టే కంప్యూటర్ మోడల్ మీద ఆధారపడాలి, మోడల్‌ను పరీక్షించే ఓపిక సామాన్యుడికి ఉండదు. కానీ తప్పు దిశలో తోసే కచ్చితమైన అంకె కన్నా సరైన దిశలో తోసే సుమారు అంకె మేలు.

రోడ్డు వెడల్పుకే ఖర్చు పెట్టాలన్న పట్టుదల లేని నగరాలూ ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో 1981లోనే నగర మధ్యంలోని కొత్త ఆఫీసుల మీద ఫీజు వేసి ఆ డబ్బును బస్సులు, ట్రాముల సంస్థకు ఇచ్చింది. 2015లో దాని స్థానంలో తెచ్చిన ఫీజు పెద్ద నివాస భవనాలకూ వర్తిస్తుంది. లండన్ మేయర్ 2012 ఏప్రిల్ నుంచి క్రాస్‌రైల్ కోసం కొత్త నిర్మాణాల మీద ప్రాంతాన్ని బట్టి చదరపు మీటరుకు 50, 35, 20 పౌండ్ల చొప్పున సుంకం వేశారు, ఎవరి కారు ఏ కూడలిలో ఆగుతుందన్న చర్చే లేకుండా. ఆ రైలు మార్గం 2022లో ఎలిజబెత్ లైన్‌గా తెరుచుకుంది.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది దక్షిణ కొరియా పద్ధతి. 1990 నుంచి అక్కడి నగరాల్లో 1,000 చదరపు మీటర్లు, అంతకుమించిన నివాసేతర భవనాల యజమానులు రాకపోకలు కలిగిస్తున్నందుకు ఏటా చెల్లిస్తున్నారు. నిన్న కట్టినదా ముప్పై ఏళ్ల కిందటిదా అన్న తేడా లేదు, కాబట్టి పొంగించిన చుక్క అన్న సమస్యే రాదు. పార్కింగ్‌కు రుసుము పెట్టినా, ఉద్యోగుల పనివేళలు మార్చినా, ఆ మేరకు చెల్లింపులో తగ్గింపు దొరుకుతుంది. ఒక్కసారి కట్టే ఫీజు అనుమతి పత్రం చేతికి అందిన రోజునే యజమాని మనసులోంచి చెరిగిపోతుంది. ఏటా వచ్చేది ఏటా గుర్తుచేస్తుంది.

ఒక్కసారి ఫీజు పద్ధతిని వదులుకోలేని నగరాలను నేను అడిగేది ఒకటుంది. నేను చదివిన ట్రాఫిక్ నివేదికలన్నీ భవనం కట్టకముందు రాసినవే. కట్టి, నిండి, రెండేళ్లు గడిచాక అదే భవనం ప్రవేశద్వారం దగ్గర మళ్లీ లెక్కపెట్టించి, ఊహించిన 188 ట్రిప్పులు 130గా తేలితే తేడాను వాపసు ఇవ్వాలని, 240గా తేలితే తేడాను రాబట్టాలని అనుమతి పత్రంలోనే ఒక షరతు రాయాలి. ప్రవేశద్వారం దగ్గర ఏ కారు ఎవరిదన్న సందేహం ఉండదు. అక్కడ పన్నెండు బటన్లు కూడా అక్కర్లేదు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండు సాయంత్రాలు చాలు.