జీసీ ఎక్కడ కరిగిపోతుంది? కాంట్రాక్టు కోళ్ల రైతుకు కాటా లెక్క

కోడిపిల్లలు కంపెనీవి, ఫీడు కంపెనీది, మందులు కంపెనీవి. స్థలం, షెడ్డు, దాని మీద బ్యాంకు అప్పు, బోరు, కరెంటు, పొట్టు, రాత్రింబవళ్లు కాపలా రైతువి. అనంతపురం, కర్నూలు వైపు బ్రాయిలర్ షెడ్డు వేసిన చిన్న రైతు ముందుకు వచ్చే ఒప్పందం ఇదే. పెరిగిన కోళ్ల బ్యాచ్‌ను కంపెనీ ఎత్తుకెళ్లాక సెటిల్‌మెంటు కాగితం వస్తుంది. అందులో రైతుకు మిగిలేది జీసీ (గ్రోయింగ్ చార్జి), అంటే పెంపకం కూలి. కిలోకి ఏడు రూపాయలని చెప్పి పిల్లలు దించారు, తీరా చూస్తే నాలుగున్నరే పడింది, ఎందుకో కంపెనీ సూపర్‌వైజర్ కూడా సరిగ్గా చెప్పడు. ఆ రెండున్నర ఎక్కడికి పోయిందో తెలియాలంటే ముందు ఆ కాగితం చదవడం రావాలి.

లెక్క ఇలా నడుస్తుంది. ఇక్కడ రేట్లు అర్థం కావడానికి వేసుకున్నవే, మీ ఒప్పందంలోవి పెట్టి మళ్లీ వేసుకోండి. 5,000 పిల్లలు దిగాయి. 200 చనిపోయాయి. 4,800 కోళ్లు, సగటున 2.1 కిలోలు, మొత్తం 10,080 కిలోలు. తిన్న ఫీడు 16,632 కిలోలు. ఫీడును బరువుతో భాగిస్తే 1.65, అదే ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు పట్టిన ఫీడు. ఇప్పుడు కంపెనీ ఖర్చు కడుతుంది: పిల్ల రూ.30 చొప్పున లక్షా యాభై వేలు, ఫీడు కిలో రూ.40 చొప్పున రూ.6,65,280, మందులు, ఆఫీసు ఖర్చు కలిపి పిల్లకు రూ.7 చొప్పున రూ.35,000. అంతా రూ.8,50,280. కిలోకి రూ.84.35. ఒప్పందంలో అనుకున్న ఖర్చు రూ.84 అయితే మీరు 35 పైసలు ఎక్కువ పెట్టించారని కోత. రూ.7 కాస్తా రూ.6.65 అయి, చేతికి రూ.67,032 వస్తుంది. కొన్ని ఒప్పందాల్లో తేడా మొత్తం కోస్తారు, కొన్నింట్లో సగమే కోస్తారు, కనీస జీసీ రాసే కంపెనీలూ ఉన్నాయి. మీది ఏదో సంతకానికి ముందే తేల్చుకోవాలి.

ఒక్క విషయం గమనించండి. ఈ లెక్కలో పిల్ల ధర, ఫీడు ధర బజారు ధరలు కావు, కంపెనీ తన పుస్తకంలో వేసుకున్న ధరలు. ఫీడు రేటు ఒక రూపాయి పెంచి, అనుకున్న ఖర్చును పెంచకపోతే, రైతు ఏ తప్పూ చేయకుండానే కిలోకి రూపాయి అరవై పైసలకు పైగా పోతుంది. అందుకే ఒప్పందంలో రేట్లు ఎన్నాళ్లకు ఖాయమో, మారిస్తే అనుకున్న ఖర్చు కూడా దాంతోపాటు మారుతుందో లేదో రాయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. చికెన్ ధర కొండెక్కినప్పుడు రైతు కూలి ఎక్కదు గానీ ఖర్చు పెరిగినప్పుడు మాత్రం కోత పడుతుంది. ఇది అన్యాయమే.

ఇక కాటా. 50 కిలోల సంచిలో ఒక్క కిలో తక్కువుందనుకోండి. 16,632 కిలోలంటే 333 సంచులు, అంటే 333 కిలోలు రాకుండానే తిన్నట్టు లెక్క. రూ.40 చొప్పున పదమూడు వేల పైచిలుకు. పై బ్యాచ్‌లో నిజమైన ఎఫ్‌సీఆర్ 1.62 లోపే ఉండి, కాగితం మీద 1.65 కనిపిస్తుంది. లారీ వచ్చినప్పుడు 20 సంచులకు ఒకటి చొప్పున తూకం వేసి, చలానా మీదే రాసి, డ్రైవర్ చేత సంతకం పెట్టించండి. ముద్ర ఉన్న 20 కిలోల రాళ్లు రెండు కొనుక్కుంటే మీ కాటానూ, లిఫ్టింగ్ (కోళ్లు ఎత్తే) రోజు వచ్చే కాటానూ వాటితోనే సరిచూడొచ్చు. మిగిలిన ఫీడు వెనక్కి తీసుకెళ్లేటప్పుడు కూడా రసీదు లేకుండా ఒక్క సంచీ ఎక్కించొద్దు.

పిల్లలు దిగేటప్పుడు పెట్టెలు నాలుగైదు ఎంచి లెక్కపెట్టండి, ఖాళీ పెట్టె బరువు తీసేసి తూచండి. వంద పిల్లలు 4 కిలోలకు తగ్గితే చిన్న వయసు బ్రీడర్ల (తల్లి కోళ్ల) పిల్లలై ఉండొచ్చు. అవి మొదటి వారంలోనే ఎక్కువ రాలిపోతాయి, బతికినవి కూడా వెనకబడతాయి. ఏడో రోజు పిల్ల బరువు దిగిననాటి బరువుకు నాలుగు రెట్లు దాటాలి. దాటకపోతే లోపం పిల్లల్లోనా, వాటికి వేడి పెట్టే బ్రూడింగ్‌లోనా అన్నది తేల్చాలి. బ్రూడర్ కింద చూస్తే తెలిసిపోతుంది. పిల్లలు బల్బు కింద కుప్ప పడి కీచుమంటుంటే వేడి చాలలేదు. అంచులకు పోయి రెక్కలు విప్పి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైంది. ఒక మూలకే చేరితే ఎక్కడో పరదా సందులోంచి గాలి కొడుతోంది. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టి, వారానికి అయిదేసి తగ్గించుకుంటూ రావాలి. ఇది సరిగ్గా ఉండి కూడా రాలుతున్నాయంటే ఆ రోజే రికార్డు షీటులో రాసి సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. వారం తర్వాత చెబితే ఎవరూ వినరు.

అమెరికాలో కూడా కోళ్ల రైతుల గొడవ ఇదే. అక్కడ ఒక వారంలో కోళ్లు ఎత్తిన రైతులందరినీ వరసలో పెట్టి, ఒకరితో ఒకరిని పోల్చి కూలి కడతారు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడి నిబంధన ప్రకారం పిల్లల జాతి, బ్రీడర్ మంద వయసు, ఉన్న జబ్బులు కంపెనీ రైతుకు చెప్పి తీరాలి. మన దగ్గర కనీసం హేచరీ పెట్టె మీద చీటీ అయినా ఫోటో తీసి పెట్టుకోండి.

మన నేలకు మన పొట్టే. అనంతపురంలో శెనక్కాయ పొట్టు, కర్నూలు వైపు బుడ్డల పొట్టు అనే వేరుశనగ పొట్టు లిట్టర్‌గా, అంటే షెడ్డు నేల మీద పరుపుగా, బాగా పనికొస్తుంది. కానీ మిల్లు వెనక వానకు తడిసి ఆరిన పొట్టు తేవద్దు. బూజు వాసన ఉంటే అది పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మందుకు లొంగదు. రెండంగుళాల మందం పరిచి, రెండు రోజులకోసారి తిరగేయండి. షెడ్డులో వంగి నిలబడితే లిట్టర్ ఘాటుకు కళ్లు మండుతున్నాయంటే కోళ్లకు అప్పటికే ఇబ్బంది మొదలైనట్టు.

అసలు దెబ్బ ఎండది. పై లెక్కలోని బ్యాచ్‌లోనే, ఎత్తడానికి రెండు రోజుల ముందు, ఒక మే మధ్యాహ్నం ఇంకో 200 కోళ్లు పోయాయనుకుందాం. అవి తినాల్సింది తినేశాయి, బరువు మాత్రం లెక్కలోకి రాదు. 4,600 కోళ్లు, 9,660 కిలోలు, ఫీడు సుమారు 16,556. ఎఫ్‌సీఆర్ 1.71. కిలో ఖర్చు రూ.87.70 దాటుతుంది. తేడా మొత్తం కోసే ఒప్పందమైతే రూ.67 వేలు రావాల్సిన చోట 32 వేలకు దిగుతుంది. నూటికి నాలుగు కోళ్లు పోతే కూలి సగానికి పైగా పోయినట్టు. ఇందులో రైతు తప్పెంత? లిఫ్టింగ్ తేదీ కంపెనీ చేతిలో ఉంది. బజారు మందగిస్తే లారీ రాదు, కోడి బరువెక్కేకొద్దీ ఎండకు ఆగదు. 40 రోజులు దాటిన కోడి రోజుకు 190 గ్రాములు తిని 85 గ్రాములే పెరుగుతుంది. ఫలానా రోజు దాటితే ఆ తర్వాతి చావులు, ఫీడు రైతు ఖాతాలో వేయకూడదని రాయించుకోవాలి. ఒప్పుకోకపోతే, కనీసం ఏప్రిల్, మే బ్యాచ్‌కు కోడికి 1.2 చదరపు అడుగుల చోటు కంటే తగ్గించి పిల్లలు దించొద్దని పట్టుబట్టండి. అయిదు వేల అడుగుల షెడ్డులో అయిదు వేలు పోస్తామంటే ఎండాకాలంలో అది ఒప్పుకోవాల్సిన మాట కాదు.

రైతు చేతిలో ఉన్నవి ఇవీ: పొద్దున పదికల్లా ఫీడు తొట్లు పైకెత్తి, సాయంత్రం అయిదు దాటాక దించాలి, రాత్రి లైటు వేసి చల్లపూట తినిపించాలి. నీళ్ల ట్యాంకుకు తడి గోతాలు చుట్టాలి. రేకుల కింద నుంచి పోయే పైపులో నీళ్లు మధ్యాహ్నానికి మరిగినట్టు ఉంటాయి, పదకొండు నుంచి గంటకోసారి ఆ నీళ్లు వదిలేయాలి. ఫాగర్లు (సన్నని నీటి తుంపర చల్లేవి) గాలి ఆడేటప్పుడే తిప్పాలి. పరదాలు మూసి ఫాగర్ వేస్తే షెడ్డు ఆవిరి గదై కోళ్లు ఇంకా తొందరగా పోతాయి. నోరు తెరిచి ఎగరొప్పే కోళ్లను మెల్లగా లేపి నడిపించండి. కింద పేరుకున్న వేడి పోతుంది.

లిఫ్టింగ్ రాత్రి ఇంటి మనిషి ఒకరు కాటా పక్కనే ఉండాలి. ఖాళీ ట్రేలను ముందు తూచాలి. తడిసిన ట్రే బరువు వేరు, ఎండిన ట్రే బరువు వేరు. లారీ ఆరింటికి వస్తుందని ఫీడు తీసేయించి, అర్ధరాత్రి దాటాక వస్తే గంటకు పావు నుంచి అర శాతం బరువు ఊడుతుంది. పది వేల కిలోల మీద ఆరు గంటలకు తక్కువలో తక్కువ 150 కిలోలు. లారీ గేటు దగ్గరికొచ్చిన టైము ఫోటోతో సహా పెట్టుకుని, ఆ తగ్గుదల సెటిల్‌మెంటులో అడగండి.

ఒప్పందం తెలుగులో ఉండాలి, ఒక నకలు మీ దగ్గర ఉండాలి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇవ్వొద్దు. అంకె వాళ్లు వేసుకుని బౌన్సు చేయిస్తే 138 సెక్షను కింద కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరు. ఇవ్వక తప్పకపోతే చెక్కు నంబరు, దేనికి ఇస్తున్నారో, ఎంతకు మించకూడదో రాసిన కాగితం మీద కంపెనీ సంతకం తీసుకోండి. ఏడాదికి ఎన్ని బ్యాచ్‌లు వేస్తారో రాయని ఒప్పందం షెడ్డు అప్పు కట్టే రైతుకు పనికిరాదు. రెండు నెలలు ఖాళీగా ఉన్నా బ్యాంకు కంతు ఆగదు. కేంద్రం 2018లో తెచ్చిన కాంట్రాక్టు వ్యవసాయ నమూనా చట్టం పంటలతోపాటు పశువులు, కోళ్లకూ వర్తించేలా రాసింది, ఒప్పందాల రిజిస్ట్రేషను, తగాదాల పరిష్కారం అందులో ఉన్నాయి. తమిళనాడు 2019లో దాని మీద చట్టం చేసుకుంది. ఇక్కడి రైతులు ఊరికొక్కరుగా కాకుండా ఒక మండలంలో పదిమంది కలిసి ఒకే రకం ఒప్పందం అడిగితే, బ్యాచ్‌ల సంఖ్య, ఫీడు తూకం, లిఫ్టింగ్ గడువు అనే ఈ మూడు మాటలనైనా కంపెనీ కాగితం మీద పెట్టక తప్పదు.