కొజుమెల్‌లో స్కూబా డైవింగ్: ఒక్క ‘అవును’ దగ్గర టిక్కు పెట్టినందుకు

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవుల్లో తమ్ముడి కుటుంబంతో కలిసి మెక్సికో వెళ్లొచ్చాం. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది కాంకూన్ చూసే ఉంటారు కాబట్టి బీచ్‌ల గురించీ రిసార్టు భోజనాల గురించీ నేను రాయను. స్కూబా డైవింగ్ బుక్ చేసుకోబోయేవాళ్ల కోసం, అందులోనూ నలభై ఐదేళ్లు దాటి రోజూ బీపీ మాత్ర వేసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. నా కోపం ఇంకా చల్లారలేదు.

వీసా సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మన ఇండియా పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా స్టాంపు గానీ, చేతిలో గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు అయిపోయి అప్రూవల్ నోటీసు ఒక్కటే ఉంటే కుదరదు, టికెట్లు కొనకముందే చూసుకోండి. కాంకూన్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దాటగానే ‘టాక్సీ కావాలా, టూర్ కావాలా’ అని నవ్వుతూ ఎదురొచ్చేవాళ్లలో చాలామంది టైమ్‌షేర్ (రిసార్టులో ఏడాదికి కొన్ని రోజుల వాటా) అంటగట్టేవాళ్లే, ఆగకుండా బయటికి నడవండి. అక్కణ్ణుంచి బస్సులో ప్లాయా డెల్ కార్మెన్, అక్కడ ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంటలో కొజుమెల్ దీవి. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

కొజుమెల్‌నే ఎంచుకోవడానికి కారణం అక్కడి పగడపు దిబ్బలు. మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పం కొస నుంచి హోండురాస్ దాకా సాగే ఈ రీఫ్, ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ తర్వాత ప్రపంచంలో అంత పెద్దది. కొజుమెల్ దగ్గరి భాగాన్ని 1996లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. డైవింగ్ లైసెన్సు లేనివాళ్లను కూడా కాసేపు పాఠం చెప్పి, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి, 12 మీటర్లకు మించకుండా కిందికి తీసుకెళ్తారు. నాకు చిన్నప్పటి నుంచీ ఈత బాగా వచ్చు. నీళ్లంటే భయం లేదు.

సముద్రం ఒడ్డునే ఉన్న ఒక డైవ్ షాపులో ముందే కార్డు మీద డబ్బంతా కట్టేశాం. పొద్దున్నే ఏడింటికి రమ్మన్నారు. వెళ్లగానే వెట్‌సూట్లు (నీళ్లలో వేసుకునే బిగుతైన రబ్బరు దుస్తులు) ఇచ్చారు, తొడుక్కున్నాక చేతికి ఫారాలు ఇచ్చారు. అసలు గొడవ ఇక్కడ మొదలైంది.

అది ఆరోగ్య ప్రశ్నల ఫారం. ప్రపంచమంతా డైవ్ షాపులు దాదాపు ఇదే వాడతాయి. మొదటి పేజీలో పది ప్రశ్నలుంటాయి. రెండోది ‘మీ వయసు 45 దాటిందా?’ అవును అంటే వెనక ఇంకో గడిలోకి పంపుతుంది. అక్కడ పొగ తాగుతారా, కొలెస్ట్రాల్ ఉందా, బీపీ ఉందా, ఇంట్లో దగ్గరివాళ్లకు చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా అని అడుగుతుంది. ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టరు సంతకం తేవాల్సిందే. నాకు బీపీ ఉంది, మాత్రతో అదుపులో ఉంది. ‘అవును’ దగ్గర టిక్కు పెట్టాను.

కౌంటర్‌లో ఉన్న కుర్రాడు అది చూసి ఇంకో ఖాళీ ఫారం తీశాడు. పెన్సిల్ తీసుకుని ‘కాదు’ అని ఉన్న వరసలో పై నుంచి కింది దాకా చిన్న చిన్న చుక్కలు పెట్టి నా ముందుకు తోశాడు. చుక్క ఉన్నచోటల్లా టిక్కు పెట్టి సంతకం చేయమన్నాడు. అందరూ అలాగే చేస్తారట. నేను చేయనన్నాను. మా తమ్ముడు పక్కకు లాగి, “ఎందుకక్కా ఈ గొడవ, కాదని పెట్టెయ్, నీకేమైనా గుండె జబ్బా?” అన్నాడు. వాడి మాటకే నాకు ఎక్కువ బాధేసింది.

ఈలోపు బోటు ఎక్కాల్సిన మిగతావాళ్లంతా మా వెనక చేరారు. ఆ కుర్రాడు వాళ్లకు వినబడేలా, ఈవిడ ఆరోగ్యం బాగాలేదు, ఈవిడ వల్లే ఆలస్యం అన్నాడు. పదిమంది తల తిప్పి నా వైపు చూశారు. ఒకాయన గట్టిగా నిట్టూర్చాడు. చివరికి, సంతకం చేయకపోతే డైవ్ లేదు, డబ్బు వెనక్కి రాదు, వెట్‌సూట్ తీసిచ్చేయండి, ఇంకొకరికి కావాలి అన్నాడు. వెట్‌సూట్ వేసుకున్నవాళ్లకు తెలుస్తుంది, అది ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, ఒక్కరే తీసుకోవడం కష్టం. బట్టలు మార్చుకునే గది తలుపుకి అప్పటికే తాళం వేశారు. మా మరదలు తువ్వాలు అడ్డం పట్టుకుంటే, అంతమంది మధ్యలో మోచేతుల దగ్గర లాక్కుంటూ తీసి ఇచ్చాను. అలాంటి అవమానం నా జన్మలో పడలేదు. తమ్ముడూ పిల్లలూ బోటెక్కారు. నేనూ మరదలూ బల్ల మీద కూర్చుండిపోయాం.

ఒక మాట అడుగుతాను. ఆ ప్రశ్న ఊరికే పెట్టారా? నీళ్లలోకి దిగగానే కాళ్లలో, చేతుల్లో ఉన్న రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. పది మీటర్ల లోతుకు వెళ్తే ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. బీపీ ఉన్నవాళ్లకు నీళ్లలో ఉండగానే ఒంట్లోని నీరే ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసే ఆ గడి పెట్టారు. మనచేత ‘కాదు’ అని రాయించుకుంటే షాపువాడికి ఒకటే లాభం: రేపు ఏదైనా అయితే సంతకం మనది, అబద్ధం మనది, వాడు చేతులు దులుపుకుంటాడు. మన దగ్గర ఇన్సూరెన్స్ ఏజెంట్లు చేసేదీ ఇదే. షుగర్ ఉందా అంటే ‘లేదని రాసేద్దాం సార్’ అంటారు. క్లెయిమ్ తిరస్కరించిన రోజు ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు. మా బంధువుల్లోనే ఒకరి ఇంట్లో ఇది చూశాను. అందుకే ఫారం మీద అబద్ధం రాయను, ఎవరేమన్నా రాయను.

డాలస్‌లో నా డాక్టరుకు ఫోన్ చేద్దామంటే థాంక్స్‌గివింగ్ మర్నాడు, క్లినిక్ మూత. హోటల్‌కి వచ్చి రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడకు సంగతి చెప్తే, ‘ఫార్మసీకి వెళ్లండి’ అంది. మెక్సికోలో చాలా మందుల షాపులకు ఆనుకుని ఒక చిన్న డాక్టరు గది ఉంటుంది. అపాయింట్‌మెంట్ ఉండదు, వరసలో కూర్చోవాలి. నా ముందు ఒక చంటిబిడ్డ తల్లీ, కాలికి కట్టుతో ఒక తాపీమేస్త్రీ ఉన్నారు. డాక్టరమ్మ వయసులో చిన్నది. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. కూర్చోబెట్టి ఒకసారి, కాసేపాగి ఇంకోసారి బీపీ చూసింది. ఊపిరితిత్తులు విన్నది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, రాత్రి పడుకుంటే దగ్గు వస్తుందా, ఏ మాత్ర, ఎన్నాళ్లనుంచి, అన్నీ అడిగింది. ఫారం మూడో పేజీ మొత్తం చదివాకే సంతకం పెట్టి, తన లైసెన్సు నంబరు రాసి ముద్ర వేసింది. ఫీజు ఒక పిజ్జా ఖరీదు కూడా లేదు. ఆ అమ్మాయికి నా నమస్కారాలు.

మర్నాడు వేరే షాపుకి వెళ్లాం. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఆ కాగితం చదివి, “ఇవాళ పొద్దున మాత్ర వేసుకున్నారా?” అని అడిగి ఫైల్లో పెట్టుకుంది. అంతే! నీళ్లలో సైగలు నేర్పింది. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని. బాగుందని చెప్పాలంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. కిందికి దిగే కొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. చిలక చేపలు పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినబడుతుంది, నేను ఊహించనే లేదు. నా ట్యాంకులో గాలి మా తమ్ముడికంటే ఎక్కువ మిగిలింది. నిదానంగా ఊపిరి తీసుకున్నారని ఇన్‌స్ట్రక్టర్ అందరి ముందూ మెచ్చుకుంది.

వెళ్లేవాళ్లకు చెప్పేదేమిటంటే, ఆ ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ముందే దింపుకుని ఊళ్లోనే మీ డాక్టరుచేత సంతకం పెట్టించుకోండి. ఆరోగ్య కారణంతో ఆపితే డబ్బు తిరిగి ఇస్తారా అని రాతపూర్వకంగా అడక్కుండా పైసా కట్టొద్దు. పార్కులో సన్‌స్క్రీన్ రాసుకోనివ్వరు, పూర్తి చేతుల స్విమ్ షర్టు పెట్టుకోండి. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదు, కాబట్టి డైవింగ్‌ను ఆఖరి రోజుకి వాయిదా వేయొద్దు.

మొదటి షాపువాళ్లు ఇంతవరకూ డబ్బు ఇవ్వలేదు, మెయిల్‌కి జవాబూ లేదు. నేను నింపిన ఫారం, వాళ్లు పెన్సిల్ చుక్కలు పెట్టిచ్చిన ఫారం, రెండూ నా దగ్గరే ఉన్నాయి. రెంటినీ ఫొటో తీసి నిన్న బ్యాంకుకు పంపి, ఆ ఛార్జీ మీద డిస్‌ప్యూట్ వేశాను.