రెండు ఫ్యాన్లు, ఒక సైలెన్సరు

జనవరి 20.

పొద్దున్న ఆరింటికి నా రిపేరు షాపు షట్టర్ ఎత్తుతుండగా మేనల్లుడి ఫోను. వాడుండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్లో. అక్కడ ఇంకా నిన్నటి సాయంత్రం ఆరున్నర. మనం ఈ కోనసీమ మంచుకే చెవులకి మఫ్లర్ చుట్టుకుంటున్నాం, వాడు వీడియోలో చూపించిన థర్మామీటర్లో మైనస్ 24 ఉంది.

“మావయ్యా, బండి ఇంజన్ పోయింది. వారంటీ ఇవ్వం అన్నారు” అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

బండంటే స్నోమొబైల్, మంచు మీద తిరిగేది. ముందు రెండు స్కీలు, వెనక ట్యాంకు చైనులా తిరిగే రబ్బరు పట్టా. ఆ పట్టా మీద మంచుని తోయడానికి రబ్బరు రెక్కలుంటాయి. ఇంజన్ 850 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్. గేర్లుండవు, మన స్కూటీలో లాగే బెల్టు, రెండు పుల్లీలు. కిందటి చలికాలం చివర్లో కొత్తది కొన్నాడు. ఈ సీజను మొదట్లో కంపెనీ సైలెన్సరు తీసేసి, బయట కొన్న తేలికపాటిది వేశాడు. బరువు తగ్గుతుంది, మోత బాగుంటుంది అని. మోత గురించి అక్కడ లెక్క ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో 50 అడుగుల దూరానికి 78 డెసిబెల్స్ దాటకూడదనే ప్రమాణానికే కంపెనీలు బళ్లు తయారుచేస్తాయి. ఆ సంగతి కొన్నాక తెలిసిందట వాడికి.

పిస్టన్ ఫోటో పంపమన్నాను. చూడగానే నా కడుపులో తిప్పినట్టయింది. ఎగ్జాస్ట్ వైపు అంచు మైనం కారినట్టు కారిపోయి ఉంది. ఇలాంటి పిస్టన్లు నేను చాలా చూశాను. యమహా ఆర్‌ఎక్స్100 బైకుల తయారీ 1996లో ఆగిపోయినా ఆ బళ్లు మా వైపు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కుర్రాళ్లు సైలెన్సరు మార్చేస్తారు, కార్బురేటర్లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ మాత్రం పాతదే ఉంచేస్తారు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మంట వేడెక్కిపోతుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌ని చల్లబరిచేదీ, ఆయిల్ మోసుకొచ్చేదీ ఆ పెట్రోలే కదా. అది తగ్గితే పిస్టన్ బతకదు.

కానీ వాడి బండికి కార్బురేటర్ లేదు, కంప్యూటరే చలినీ ఎత్తునీ చూసుకుని పెట్రోలు కొలుస్తుంది. మరి ఒక్క సైలెన్సరుకే ఇంతగా కాలిపోతుందా? రెండుసార్లు అడిగితే అప్పుడు చెప్పాడు. ఇంజెక్టర్ల వైరుకి మధ్యలో ఒక ట్యూనర్ బాక్సు కూడా పెట్టాడట. పెట్రోలు ఎంత పడాలో ఆ బాక్సు మారుస్తుంది. సెట్టింగు కొలరాడో కొండల్లో తిరిగే స్నేహితుడిది. కొండ మీద గాలి పలచన, అక్కడ పెట్రోలు తగ్గించినా చెల్లుతుంది. డులూత్ పల్లం, పైగా మైనస్ చలి, గాలి చిక్కగా ఉంటుంది. అదే సెట్టింగు తెచ్చి ఇక్కడ ఎక్కించాడు.

“డీలర్‌కి ఈ సంగతి చెప్పావా?”

“లేదు మావయ్యా. తీసుకెళ్లే ముందు విప్పేశాను.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మా అక్క పెంచిన పిల్లాడు వాడు, అబద్ధమాడే రకం కాదు. డబ్బు భయం అలా చేయిస్తుంది.

ఇంకో విషయం కూడా చెప్పాడు. ఆ బండి హ్యాండిల్‌లో చేతులు వెచ్చగా ఉంచే హీటరు ఉంటుంది. అది నవంబరులోనే పాడైంది, అప్పటికి సైలెన్సరు మార్చనే లేదు. డీలర్ దానికి కూడా “మీ వారంటీ మొత్తం పోయింది” అన్నాడట. ఇక్కడ నాకు ఒళ్లు మండింది. సైలెన్సరుకీ చేతుల హీటరుకీ ఏం సంబంధం? మైనస్ 24లో అది సోకు కాదు, వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టలేరు.

వాడు అక్కడి చట్టం చదివి చెప్పాడు. మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, 1975లో వచ్చింది. ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలని కంపెనీ వారంటీకి షరతు పెట్టకూడదు. బయట భాగం వేశాడన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ తీసేయనూకూడదు. కానీ ఆ భాగం వల్లే ఏదైనా పాడైతే, పాడైన దానికి మాత్రం కాదనొచ్చు. 2022లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతుల విషయంలోనే బైకుల కంపెనీ హార్లీ డేవిడ్సన్ మీద చర్య తీసుకుంది. మన దగ్గర వారంటీకి విడిగా అలాంటి చట్టం లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లాలి.

నాకు అర్థమైనంతలో వాడికి చెప్పాను. పిస్టన్ నీ ఖాతా, హీటరు వాళ్ల ఖాతా. రెండూ కలిపి దెబ్బలాడకు. ఆ బాక్సు సంగతి ముందు నువ్వే రాయి.

“రాస్తే పిస్టన్ డబ్బు రాదు కదా మావయ్యా.”

“రాదు. నీది కాదు కాబట్టి రాదు.”

ఆ మాట అన్నానే గానీ రోజంతా అదే గుచ్చుకుంది. ఎందుకంటే పదకొండింటికి ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక రొయ్యల చెరువు రైతు ఏరియేటర్ మోటారు ఆటోలో వేసుకుని వచ్చాడు. ఏరియేటరంటే ఫ్యాన్లతో చెరువు నీళ్లని కొట్టి ఆక్సిజన్ కలిపేది. నెలాఖరుకి రొయ్య పిల్ల వేయాలి. రెండు హార్స్‌పవర్ మోటారు, వైండింగు కాలి వాసన వస్తోంది. నాలుగు ఫ్యాన్లకి చేసిన సెట్టు అది. కిందటి పంటలో ఆక్సిజన్ చాలక తెల్లారగట్ల రొయ్యలు పైకి తేలుతుంటే భయపడి ఇంకో రెండు ఫ్యాన్లు కలిపించుకున్నాడు. కలిపింది నేనే. మూడున్నర ఆంపియర్ల లోపు తీసుకోవాల్సిన మోటారు, ఆరు ఫ్యాన్లు నీళ్లని కొడితే ఎంత లాగుతుందో క్లాంప్ మీటరు పెట్టి చూడాల్సింది. చూడలేదు. కరెంటు లేని రోజది, బిగించి ఇచ్చేశాను.

“మధ్యాహ్నం కంపెనీ ఇంజినీరు వస్తాడండి. ఈలోపు ఆ రెండూ విప్పించేయండి, ఆయనకేం తెలుస్తుంది” అన్నాడు.

నాలుగేళ్ల కింద ఇలాగే ఇంకొకరు అడిగితే విప్పి ఇచ్చాను. కొత్త మోటారు వచ్చింది. మళ్లీ ఆరు ఫ్యాన్లూ వేయించుకున్నాడు, అదీ కాలిపోయింది. ఆ తర్వాత మా రోడ్డు నుంచి ఏ క్లెయిమ్ వెళ్లినా కంపెనీవాళ్లు అనుమానంగానే చూశారు. ఏ మార్పూ చేయని ఒక ముసలాయన మోటారు రెండు నెలలు వాళ్ల గోడౌన్లో పడుంది. పంట మధ్యలో ఆయన అద్దె ఏరియేటర్లు పెట్టుకున్నాడు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

విప్పనని చెప్పాను. రీవైండింగ్ కూలీ తీసుకోను, రాగి తీగ ఖర్చొక్కటే ఇమ్మన్నాను, తప్పులో సగం నాది కాబట్టి. ఆయనకి కోపం వచ్చింది, టీ కూడా తాగలేదు.

ఇంజినీరు మూడింటికి వచ్చాడు. ఆరు ఫ్యాన్లూ చూపించాను. మోటారు క్లెయిమ్ అక్కడే కొట్టేశాడు, న్యాయమే. గేర్‌బాక్స్ ఆయిల్ సీలు కారుతోందని చూపించి, అది ఫ్యాన్లు కలపక ముందు నుంచే ఉందని పాత ఫోటో చూపించాను. ఆ ఫోటో రైతు ఫోన్లో తారీఖుతో సహా ఉంది. వాదించకుండా రాసుకున్నాడు, ఆఫీసుకి పంపుతానన్నాడు. ఇస్తారో లేదో చూడాలి. వెళ్లేటప్పుడు మాత్రం రైతు “రేపొస్తానండి” అన్నాడు, పొద్దుటంత కోపం లేదు.

సాయంత్రం అమలాపురం వెళ్లి కార్బన్ కాపీ రసీదు పుస్తకాలు రెండు కొన్నాను.

ఈ స్నోమొబైల్ సంగతి మేనల్లుడు ఒకసారి చెప్పాడు. కెనడాలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ కొడుకు 1934 చలికాలంలో, మంచుకి దారులు మూసుకుపోయి ఆసుపత్రికి చేరలేక చనిపోయాడట. మంచు మీద తిరిగే బండి కోసం ఆయన పట్టుదల అక్కడ గట్టిపడింది. గోదావరి వరదొచ్చినప్పుడు లంకల్లో నొప్పులు పడే ఆడవాళ్లని పడవెక్కించడం చూసిన వాణ్ణి, నాకది మర్చిపోదామన్నా కాదు. అందుకే హీటరు విషయం వదలొద్దని మేనల్లుడికి చెప్పాను.

రాత్రి తొమ్మిదింటికి వాడు రాసిన ఉత్తరం పంపాడు. వాడికి తెల్లవారి తొమ్మిదిన్నర, ఆఫీసుకి వెళ్లే ముందు రాశాడు. బాగానే రాశాడు. హీటరు నవంబరులో చెడిన తేదీ, అప్పుడు డీలర్‌కి పంపిన మెసేజ్, సైలెన్సరు కొన్న బిల్లు, అన్నీ జతపరిచాడు. ట్యూనర్ బాక్సు మాత్రం నాలుగో పేరాలో, చివరి వాక్యంలో ఉంది. దాన్ని మొదటి పేరాకి తెమ్మన్నాను. పది నిమిషాల తర్వాత “తెచ్చాను, పంపేశాను” అని వచ్చింది.

పడుకునే ముందు కొత్త పుస్తకంలో మొదటి రసీదు రాసిపెట్టాను, రేపు రైతు వస్తే సంతకం పెట్టించుకోవడానికి. ఏరియేటర్ మోటారు రీవైండింగ్. ఫ్యాన్లు నాలుగు. ఆంపియర్లు అన్నచోట ఖాళీ ఉంచాను, నీళ్లలో దించి మీటరు పెట్టాక రాస్తాను.